మహర్నవమిని చూచిన పారసీక రాయబారి : అబ్దుర్ రజాక్ చరిత్ర

దేవాలయమునందు నిత్యార్చన గర్భాలయములో జరుగును. ఉత్సవము మాత్రము వీధిలో జరుగును. మూలవిరాట్టు కదలడు గనుక ఉత్సవమూర్తి పల్లకి నెక్కి, రథమునెక్కి, ప్రాకారము దాటి జనుల యొద్దకు వచ్చును. నడువలేని వృద్ధులకు, గుడిలోనికి రాలేని రోగులకు, దారిన పోవు బాటసారులకు కూడ స్వామి దర్శనము లభింపవలెనని పెద్దలు ఈ ఏర్పాటు చేసిరి. కావున ఉత్సవమునకు వచ్చిన వానిని నీవెవ్వడవు, ఏ ఊరివాడవు, ఏ మతస్థుడవు అని ప్రశ్నించు ఆచారము మన వీధులలో లేదు. మన దేవుని నమ్మని వాడు, మన భాష తెలియని వాడు, కేవలము వేడుక చూడవచ్చిన వాడు ఒకడు మన ఉత్సవములో నిలిచినచో అతనికేమి కనబడును? మన యెడల అతడేమి తలచును? ఈ ప్రశ్నకు సమాధానముగా ఒక మహనీయుని జీవితము చరిత్రలో నిలిచియున్నది. ఆయన పేరు కమాలుద్దీన్ అబ్దుర్ రజాక్ సమర్కందీ. విజయనగర చరిత్ర చదివినవారెల్లరు ఈ పేరు వినియే యుందురు. అయినను ఆయన జీవితము సమగ్రముగా ఎఱిగినవారు తక్కువ. కుంభాభిషేక మహోత్సవ సందర్భమున వెలువడు ఈ సంచికలో ఆ చరిత్రను భక్త మహాశయుల ముందుంచుచున్నాను.

జననము – విద్యాభ్యాసము

అబ్దుర్ రజాక్ 1413వ సంవత్సరమున హిరాత్ నగరమున జన్మించెను. ఆ నగరము నేటి ఆఫ్ఘనిస్తాన్ దేశమున నున్నది. పూర్వులది సమర్కందు గనుక సమర్కందీ అని వ్యవహారము వచ్చెను. ఆ కాలమున హిరాత్ రాజధానిగా తైమూరు కుమారుడైన షారుఖ్ సుల్తాను పరిపాలించుచుండెను. తండ్రి దండయాత్రలకు ప్రసిద్ధుడు కాగా, షారుఖ్ విద్వాంసులను, చిత్రకారులను, లేఖకులను పోషించి పేరొందెను. అబ్దుర్ రజాక్ తండ్రి జలాలుద్దీన్ ఇస్‌హాక్ ఆ సుల్తాను కొలువులో న్యాయాధిపతిగాను, ప్రార్థనలు నడుపు ఇమాముగాను ఉండెను. మన వైపు చెప్పవలెనన్న, ఆస్థాన పండితుని ఇంట పుట్టినవాడన్న మాట.

కుమారుడును శాస్త్రమార్గముననే పెరిగెను. తండ్రి 1437లో గతించిన పిదప, వ్యాకరణమునకు సంబంధించిన ఒక గ్రంథమునకు వ్యాఖ్యానము వ్రాసి సుల్తానునకు సమర్పించెను. దానివలన ఆస్థానములో స్థానము దొరికెను. అప్పటికాయన వయస్సు ఇరువది నాలుగేండ్లు. పాఠము చెప్పుకొనుచు, గ్రంథములు వ్రాసికొనుచు హిరాత్‌లోనే జీవితము గడుపవలసిన పండితుడాయన. కాని దైవసంకల్పము వేరుగా నుండెను.

ఇష్టము లేని ప్రయాణము

1442 జనవరిలో షారుఖ్ సుల్తాను ఆయనను హిందూదేశమునకు రాయబారిగా పంపెను. మలబారు తీరమందలి కళ్ళికోట ప్రభువైన సామూతిరి యొద్దకు గుఱ్ఱములు, వస్త్రములు, ఇతర కానుకలతో పోవలెనని ఆజ్ఞ. అబ్దుర్ రజాక్ ఎడారి మార్గమున కిర్మాన్ మీదుగా హుర్ముజు రేవునకు చేరెను. అచ్చట ఓడ దొరకుటకు ఆలస్యమయ్యెను. సముద్రయానమునకు అనువైన ఋతువు దాటిపోవుచుండగా ఓడ నెక్కవలసివచ్చెను.

ఓడ ఎక్కినంతనే ఆ వాసనకు, సముద్ర భయమునకు స్పృహ తప్పి మూడు దినములు పడియుంటినని ఆయనయే వ్రాసికొనెను. గాలి అనుకూలింపక ఓడలు మస్కటు తీరమున నిలిచిపోయెను. ఆ ఎండలలో ఆయనయు, తోడు వచ్చిన అన్నగారును తీవ్రముగా జబ్బుపడిరి. అన్నగారు ఆ పరాయి తీరముననే మరణించిరి. దుఃఖభారముతో, క్షీణించిన దేహముతో ఆయన మరల ఓడనెక్కెను. పదునెనిమిది రాత్రులు, పగళ్లు ప్రయాణించి 1442 చివర కళ్ళికోట చేరెను.

కళ్ళికోటలో ఆయనకు రెండు విషయములు తోచినవి. మొదటిది, ఆ రేవునందలి న్యాయపాలన. దూరదేశపు వర్తకులు తమ సరకును బజారులో దింపి, లెక్క చూచుకొనకయే వెళ్లిపోయెదరనియు, రేవు అధికారులే దానిని కాపాడెదరనియు, అమ్ముడుపోయిన సరకుపై నలువదింట ఒకవంతు మాత్రమే సుంకము తీసికొందురనియు ఆయన మెచ్చుకొనెను. రెండవది, తన రాయబారము అచ్చట ఫలింపలేదను నిరాశ. సామూతిరి ఆ కానుకలను పెద్దగా పాటింపలేదు. నెలల తరబడి ఏమియు చేయజాలక ఆయన ఆ తీరమున కాలము వెళ్లబుచ్చెను.

అట్టి సమయమున విజయనగరము నుండి ఒక దూత వచ్చెను. పారసీక రాయబారిని తన యొద్దకు పంపవలసినదని రెండవ దేవరాయలు సామూతిరికి కబురంపెను. ఈ దేవరాయలే మన సాహిత్యమున ప్రౌఢదేవరాయలు. గౌడ డిండిమభట్టు కంచుఢక్కను పగులగొట్టించిన శ్రీనాథ కవిసార్వభౌమునికి ముత్యాల శాలలో కనకాభిషేకము చేయించినవాడని తెలుగువారందఱు చెప్పుకొను ప్రభువు ఈయనయే.

దారిలో చూచిన ఆలయములు

1443 ఏప్రిల్‌లో అబ్దుర్ రజాక్ మంగళూరు మీదుగా విజయనగరమునకు బయలుదేరెను. మంగళూరునకు కొంత దూరమున ఒక దేవాలయమును చూచెను. అది అంతయు పోతపోసిన కంచుతో నిర్మితమనియు, ఒక్కొక్క వైపు పది గజముల కొలత గలదనియు, లోపల మనుష్య ప్రమాణమున స్వర్ణమూర్తి యున్నదనియు, ఆ మూర్తి నేత్రములు రెండు కెంపులతో పొదుగబడి, చూచువారినే చూచుచున్నట్లుండెననియు వర్ణించెను. అటు తరువాత బేలూరు అను పట్టణమున మఱియొక ఆలయమును దర్శించెను. దాని శిఖరము చాల దూరమునుండియే కనబడుననియు, చుట్టును పూలతోట యున్నదనియు, నిత్యము వాద్యములతో సేవలు జరుగుననియు, దూర గ్రామముల నుండి కానుకలు వచ్చుననియు, ఆ ఊరివారికి ఆలయమునుండియే జీవనము జరుగుననియు వ్రాసెను.

ఇచ్చట ఒక మాట దాచకుండ చెప్పవలెను. అబ్దుర్ రజాక్ విగ్రహారాధనను సమ్మతించినవాడు కాడు. ఆయన మతము ఆయనకు గలదు. మన ఆరాధనను గూర్చి అక్కడక్కడ పరుషముగ కూడ వ్రాసెను. అయినను శిల్పి పనితనమును మెచ్చుకొనుటలో లోభము చూపలేదు. రాతి కొలతను, లోహపు పోతను, పూలతోటను, ఊరి జీవనమును తాను చూచినట్లే వ్రాసెను. తనకు నచ్చని దానియందలి మంచిని కూడ గ్రహించి వ్రాయుట సామాన్యమైన గుణము కాదు.

విజయనగర ప్రవేశము

ఆ ఏప్రిల్ చివర ఆయన విజయనగరము చేరెను. ఒకదానిలో నొకటిగా ఏడు ప్రాకారములు గల నగరమని వర్ణించెను. వెలుపలి ప్రాకారముల నడుమ పొలములు, తోటలు, ఇండ్లు ఉండెననియు, లోపలి ప్రాకారముల నడుమ అంగళ్లు క్రిక్కిరిసి యుండెననియు తెలిపెను. రత్నములను, ముత్యములను బజారులో బాహాటముగ పరచి అమ్ముచుండిరట. చెక్కిన రాతి కాలువలలో నీరు పాఱుచుండెనట. ఆ నగరవాసులకు గులాబి పువ్వులు అన్నమువలె నిత్యావసరమని ఆయనకు తోచెను. మన తాంబూలమును గూర్చి, ఆకు వక్క సున్నము కలిపి సేవించు విధానమును గూర్చి, దాని గుణములను గూర్చి వైద్యగ్రంథమున వ్రాసినంత శ్రద్ధతో వ్రాసెను.

దేవరాయలు స్తంభముల కొలువుకూటమున ఆయనకు దర్శనమిచ్చెను. రాయబారి అయిదు గుఱ్ఱములను, పట్టు వస్త్రముల పళ్లెములను సమర్పించెను. రాజు ఆయనకు విడిది ఇప్పించి, ప్రతిదినము బియ్యము, వెన్న, చక్కెర, రెండు వరహాలు, వానితోపాటు గొఱ్ఱెలు, కోళ్లు కూడ పంపునట్లు ఏర్పరచెను. విరూపాక్షుని కొలుచు ప్రభువు, అతిథికి తన ఇంటి ఆచారమును విధింపక, అతిథి అలవాటునకు తగినట్లు భోజన ద్రవ్యములను పంపించుట గమనింపదగినది. ఆ నగరమున మహమ్మదీయ సైనికులు, వర్తకులు నివసించుచుండిరి. 1439లో అహమ్మదు ఖాను అను సేనాధికారి దేవరాయల పుణ్యార్థము అచ్చట ఒక ప్రార్థనామందిరము కట్టించినట్లు శాసనము నేటికిని హంపిలో కలదు. వారమునకు రెండు మారులు సాయంకాలమున రాజు ఆయనను పిలిపించి, తాంబూలము, పచ్చకర్పూరము, రూకల సంచి ఇచ్చి, షారుఖ్ సుల్తానును గూర్చి అడుగుచుండెను.

ఆ రోజులు నగరమునకు నిర్భయమైనవి కావు. అబ్దుర్ రజాక్ కళ్ళికోటలో నున్న కాలముననే, రాజు సోదరుడొకడు క్రొత్తయింటి విందు అను నెపమున ప్రధానులను పిలిచి, వాద్యముల ధ్వనిలో ఒక్కొక్కరిని వధించి, పిదప దేవరాయలపై కత్తి దూసెను. రాజు గాయములతో బ్రతికెను. అట్టి ఘోరము జరిగిన సంవత్సరముననే మహోత్సవము కూడ జరిగెను. దుఃఖము వచ్చినదని ఉత్సవము మానుకొనలేదు.

మహోత్సవ దర్శనము

రాజ్యము నలుమూలలనుండి నాయకులు, సామంతులు రాజధానికి రావలెనని ఆజ్ఞ వెడలెను. కొందఱకు మూడు నాలుగు నెలల ప్రయాణము. వారితో వేయి ఏనుగులు వచ్చినవనియు, అవి కవచములతో, అంబారీలతో సముద్రపు అలలవలె కదలుచుండెననియు అబ్దుర్ రజాక్ వ్రాసెను. విశాలమైన మైదానమున మూడు నుండి అయిదు అంతస్తుల మంటపములు వెలసినవి. వానిపై మనుష్యులు, మృగములు, పక్షులు మొదలుకొని ఈగలు, దోమలు వఱకు చిత్రింపబడి యుండెను. కొన్ని మంటపములు యంత్రములవలె తిరుగుచు, క్షణక్షణమునకు క్రొత్త ముఖము చూపుచుండెను.

ఆ మైదానము ముందర తొమ్మిది అంతస్తుల రాజమంటపము నిలిచెను. పై అంతస్తున రాజసింహాసనము. ఏడవ అంతస్తున అబ్దుర్ రజాక్‌కును, ఆయన సహచరులకును స్థానమిచ్చిరి. ఆలోచింపుడు. అన్యదేశస్థుడు, అన్యమతస్థుడు, కానుకలు తెచ్చినవాడే గాని కైంకర్యము చేసినవాడు కాడు. అట్టివానికి సామంతులు క్రింద నిలిచియుండగా రాజునకు రెండంతస్తుల దిగువ కూర్చుండు గౌరవము లభించెను. చూడవచ్చినవానికి చక్కగా కనబడు చోటు ఇచ్చుటయే ఆతిథ్యమని ఆనాటి వారు ఎఱింగియుండిరి.

మూడు దినములు సూర్యోదయము నుండి రాత్రి వఱకు వేడుకలు సాగెను. గాయకులు పాడిరి. కథకులు కథలు చెప్పిరి. తెరలు తొలగగా నర్తకీమణులు నృత్యము చేసిరి. ఏనుగుల విద్యను ఆయన మఱి మఱి వర్ణించెను. ఒక ఏనుగు క్రమముగా ఎత్తు పెరుగు దూలములపై అడుగువేయుచు, తన పాదము వెడల్పునకు సరిపోవు చిట్టచివరి దూలముపై నిలిచి, వాద్యమునకు అనుగుణముగ తొండము ఆడించెనట. మఱియొకచోట త్రాసువలె అమర్చిన పెద్ద దూలమునకు ఒక వైపున బరువైన రాయి, రెండవ వైపున ఏనుగు ఉండి, క్రిందికి పైకి ఊగుచుండగా ఆ ఏనుగు తాళము తప్పలేదట. రాత్రి బాణసంచా వెలుగులు. పాడినవారికి, ఆడినవారికి రాజు బంగారమును, వస్త్రములను పంచిపెట్టెను. మూడవనాడు రాజు లేచు సమయమున రాయబారిని సింహాసనము చెంతకు తోడ్కొనిపోయిరి. బంగారముతో చేసి రత్నములు పొదిగిన ఆ సింహాసనపు పనితనమునకు ఆయన ఆశ్చర్యపడెను.

అబ్దుర్ రజాక్ ఈ ఉత్సవమును మహర్నవమి అని పేర్కొనెను. కాని పంచాంగము చూచువారికి ఒక సందేహము కలుగును. ఆయన చెప్పిన నెల హిజరీ 847వ సంవత్సరపు రజబు. అది 1443 అక్టోబరు 25న ఆరంభమయ్యెను. లెక్కించి చూడగా అది మన కార్తిక మాసమునకు సరిపోవును గాని, ఆశ్వయుజమునకు సరిపోదు. చరిత్రకారులును ఈ భేదమును గుర్తించిరి. ఆయన చూచినది మహర్నవమి యైనచో నెల పొరపడి యుండవలెను. లేదా కార్తిక శుద్ధ పాడ్యమి మొదలైన మఱియొక ఉత్సవమునకు ఆయన ఈ పేరు పెట్టియుండవలెను. ఏది ఏమైనను, బయటివాడు చూచునది ఉత్సవము యొక్క బయటి రూపము. తిథి, సంకల్పము, కలశస్థాపన, దేవీపూజ, ఆయుధపూజ ఇవి ఆయన వ్రాతలో లేవు. ఆయనకు ఎవ్వరును వానిని వివరించినట్లు కానరాదు. సుమారు 1520లో శ్రీకృష్ణదేవరాయల కాలమున వచ్చిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పేసు తొమ్మిది దినముల ఉత్సవమును, రాజు చేయు పూజను, బలులను కూడ వర్ణించెను. ఇరువురి వ్రాతలను కలిపి చదివినచో ఆ మహోత్సవము కొంత సమగ్రముగ మనకు కనబడును.

నిందలు – తిరుగు ప్రయాణము

ఉత్సవమునందు ఏడవ అంతస్తున కూర్చున్నవానికి కష్టకాలము మరల రాక తప్పలేదు. హుర్ముజునుండి వచ్చిన కొందఱు వర్తకులు, ఇతడు నిజమైన రాయబారి కాడని పుకారు పుట్టించిరి. ప్రధాని యైన దండనాయకుడు గుల్బర్గా మీదికి దండయాత్రకు వెడలిన కాలమున, అతని స్థానమునందున్న అధికారి రాయబారికి వచ్చు దినభత్యమును నిలిపివేసెను. దండనాయకుడు తిరిగి వచ్చి, ఆ విషయము తెలిసికొని, ఆ అధికారిని మందలించి, ఆ దినముననే ఏడు వేల వరహాలు టంకశాలనుండి ఇప్పించెను. రాజు తన పక్షమున ఇరువురు రాయబారులను తోడిచ్చి పంపెను. 1443 డిసెంబరు 5న అబ్దుర్ రజాక్ విజయనగరమును వీడెను.

1444 ఆరంభమున హొన్నావరు రేవునుండి బయలుదేరిన ఓడ నడిసముద్రమున పెనుతుపానులో చిక్కెను. ప్రాణముపై ఆశ వదలుకొని దైవప్రార్థన చేయుచుండగా గాలి శాంతించెను. మస్కటు, హుర్ముజుల మీదుగా ఆయన స్వదేశము చేరి షారుఖ్ సుల్తానునకు తన యాత్రను నివేదించెను. పిమ్మట 1446లో గీలాన్ దేశమునకు మఱియొక రాయబారము నడిపెను. 1447లో షారుఖ్ మరణింపగా రాజ్యమున కలహములు చెలరేగెను. ఆయన పెక్కురు ప్రభువుల కొలువులు చూచెను. 1463లో హిరాత్‌లో షారుఖ్ స్థాపించిన ధర్మమఠమునకు అధిపతిగా నియమితుడై, 1482లో పరమపదించు వఱకు అచ్చటనే యుండెను.

ఆయన గ్రంథమునకు మత్లా ఉస్ సాదైన్ వ మజ్మా ఉల్ బహరైన్ అని పేరు. రెండు శుభగ్రహముల ఉదయము, రెండు సముద్రముల సంగమము అని దాని భావము. 1304 మొదలు 1470 వఱకు గల చరిత్ర అందు కలదు. హిందూదేశ యాత్ర అందులో నొక భాగము మాత్రమే. అది 1843లో ఫ్రెంచి భాషలోనికి, 1857లో ఇంగ్లీషు లోనికి అనువదింపబడి లోకమునకు తెలిసెను.

ఈ చరిత్ర మనకు చెప్పునది

1565లో విజయనగరము పాడుపడెను. తొమ్మిది అంతస్తుల మంటపమును, తిరుగు మంటపములను, వానిపై చిత్రించిన ఈగలును దోమలును నేడు లేవు. చెక్కడపు రాళ్లతో మహర్నవమి దిబ్బ మాత్రము హంపిలో నిలిచి యున్నది. దానిపై ఏమి జరిగెడిదో రాయి పూర్తిగా చెప్పజాలదు. ఆ వైభవములో చాల భాగము మన దేవుని నమ్మని ఒక అతిథి వ్రాసినందుననే మనకు తెలియుచున్నది. ఉత్సవము నడిపినవారి పేర్లు, మంటపములు కట్టిన వడ్రంగుల పేర్లు, ద్రవ్యమిచ్చినవారి పేర్లు ఆయన గ్రంథమున లేవు. ఆయనకు అవి తెలియవు. తెలిసినవారు వ్రాసియుంచలేదు.

కావున ఆలయ జీర్ణోద్ధరణకు ధన, ధాన్య, శ్రమ రూపమున సహకరించినవారి వివరములను, శిల్పుల, స్థపతుల నామములను, జరిగిన క్రతువుల క్రమమును ఇట్టి సంచికలలో ముద్రించుట కీర్తికొఱకు మాత్రమే యని తలపరాదు. రాబోవు తరములవారికి అది సాక్ష్యము. మన పనిని మనమే వ్రాసికొననిచో పరులు చూచినంత మాత్రమే మిగులును.

రెండవ విషయము. ఉత్సవములకు క్రొత్తవారు, మన ఆచారము తెలియనివారు, దూరదేశములనుండి వచ్చినవారు తప్పక వత్తురు. వారిని ఒక ప్రక్కకు నెట్టక, కనబడు చోట నిలుపవలెను. అంతటితో ఆగక, యాగశాలలో కలశములు ఎందులకు పెట్టితిమో, శిఖరమునకు అభిషేకము ఎందులకు చేయుచున్నామో వారికి అర్థమగు మాటలలో చెప్పవలెను. దేవరాయలు అతిథికి ఏడవ అంతస్తున చోటు ఇచ్చెను. ఆ చోటున కూర్చున్నవానికి ఉత్సవము యొక్క అంతరార్థము చెప్పువాడు కూడ నుండినచో, ఆయన గ్రంథము మఱింత సంపూర్ణమై యుండెడిది. ఆ పని అర్చకులది, పండితులది, భక్తులది.

దర్శనార్థులై వచ్చువారికిని, వేడుక చూడవచ్చువారికిని, ఈ మహత్కార్యమునకు చేయూతనిచ్చిన దాతలకును, వారి వంశములకును స్వామివారి అనుగ్రహము సంపూర్ణముగ కలుగుగాక.